మా ముసలి కుక్క మొహం ఎందుకు గోక్కుంది

మా ముసలి కుక్క మొహం గోక్కోవడానికి కారణం కనిపెట్టింది నేనే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇంటికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే చాలు, మా తమ్ముడు "ఇగ షురూ జేస్తది" అని గొణుక్కుంటూ బయటికి వెళ్లిపోతాడు. వెళ్లనీ. గొప్ప చెప్పుకోవడానికి మనిషికి జీవితంలో ఒకటో రెండో దొరుకుతాయి, నాకు ఇది దొరికింది. ఓపిక ఉన్నవాళ్లు వినండి.

మాది శామీర్‌పేట చెరువును నమ్ముకున్న ఇల్లు. నాయిన థర్మకోల్ తెప్ప మీద పోయి వలలు వేస్తాడు. అమ్మ చేపల టబ్బులు ముందు పెట్టుకుని రోడ్డు పక్కన అమ్ముతుంది. తమ్ముడు ట్రాలీ ఆటో నడుపుతాడు. అన్న వేరే దేశంలో పనిలో ఉన్నాడు, వదిన మాతోనే ఉంటుంది. నేను అల్వాల్‌లో ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. నా పెళ్లి సంగతి మాత్రం అడగకండి, ఆ పని మా అమ్మ ఒక్కతే చక్కగా చేస్తోంది.

ఇక కుక్క. దానికి పేరు లేదు. చిన్నప్పుడు నేను ఒక పేరు పెట్టబోతే నాయిన వద్దన్నాడు. "పేరు వెడ్తె ఎవడు వడితె వాడు పిలుస్తడు. మన కుక్క మనకే రావాలె" అన్నాడు. తెప్ప అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడితే కట్ట మీద ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది, అదే దాని పేరు. ఆరేసిన వలల దగ్గర పడుకుంటే పరాయి మనిషి కాదుకదా కాకి కూడా వాలదు. టబ్బు నిండా చేపలున్నా మూతి పెట్టదు. ఎంత ఆకలేసినా అంత ఓపిక పట్టే మర్యాద మాకు లేదని అమ్మ దెప్పుతుంటుంది. కట్ట మీద మా తాత నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. తెప్ప ఒడ్డుకు రాగానే మొదటి చేప కాపలా కుక్కకు. దాని వంతు తిన్నాకే మిగతావి టబ్బులో పడతాయి. ఆ మొదటి చేప ఎప్పుడూ జెల్లే అయ్యేది. జెల్లకు మొప్పల పక్కన ముళ్లుంటాయి, వలలో పడితే నానా చిక్కూ చేస్తుంది. దాన్ని విడిపించేంత తీరిక ఎవరికీ ఉండదు. అందుకే అది కుక్క పాలు.

ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండిన రోజుల్లో మొదలైంది గోకుడు. ముందు కాలెత్తి చెంప మీద రుద్దుకునేది. మేం ఈగలు అనుకున్నాం. తర్వాత మొహాన్ని నీళ్ల డ్రమ్ముకు, గోడకు, చివరికి నిలబడ్డ నాయిన మోకాలికి కూడా రాసుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు కంటి కింద వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి, పచ్చి పుండయింది.

మా వాడలో ఉచిత సలహాలకు కరువా? తలా ఒక మాట. ఎదురింటి పెద్దమ్మ దిష్టి అంది. పక్కింటాయన వేపనూనె రాయమన్నాడు. రాస్తే ఇల్లంతా కంపు కొట్టిందే తప్ప గోకుడు ఆగలేదు. జెల్ల ముల్లు గుచ్చుకుందేమో అని అమ్మ పసుపు వెచ్చజేసి పెట్టింది. చేపలవాళ్లం కదా, మాకు ఏ నొప్పి వచ్చినా ముందు ముల్లే గుర్తొస్తుంది. అయినా తగ్గకపోయేసరికి అందరూ ఒక మాటకొచ్చారు: ముసలిదైంది, గజ్జి పట్టింది.

గజ్జి అన్న మాటే కొంప ముంచింది. మా వదిన అప్పుడు పురిటికి గాజులరామారంలో వాళ్ల అమ్మగారింట్లో ఉంది. పాప పుట్టింది. దసరా వెళ్లాక వదినను, పాపను ఇంటికి తీసుకురావాలని మాట అయింది. ఒకరోజు అన్నాలు తింటుంటే అమ్మ చెంబు ఠక్కున కింద పెట్టింది.

"పసిబిడ్డ అస్తాంది ఇంటికి. గీ గజ్జి కుక్క ఈడ ఉండొద్దు. బిడ్డ వచ్చేలోపల ఏడన్న ఇడిసిపెట్టుండ్రి."

తమ్ముడు తల వంచుకునే జవాబిచ్చాడు. "గుండ్లపోచంపల్లి గోదాముల కాడ ఇడిసిపెడ్తనే అమ్మా. ఆడ హోటళ్లున్నయ్, తిండికి పరేషాన్ ఉండది."

నేను నాయిన వైపు చూశాను. ఆయన కాదంటాడని నా నమ్మకం. పన్నెండేళ్లు తన వలలు కాసిన కుక్క. ఆయన అన్నం కలుపుతూ "మీ ఇష్టం" అన్నాడు. అంతే. అమ్మ మీద కోపం రాలేదు, ఆమె భయం ఆమెది. నాయిన మీద వచ్చింది. ఆ ముసలి ప్రాణం గోదాముల మధ్య, లారీల కింద, ఎవరి తెప్ప చప్పుడు కోసం చెవులు రిక్కించాలి? చచ్చిపోతుంది. అది ఆ ఇంట్లో నాకొక్కదానికే తోచిందా అని ఒళ్లు మండింది.

"బిడ్డ వచ్చేలోపల నేను నయం జేపిస్త. అప్పటిదాంక దాన్ని ఎవలన్న ముట్టుకుంటె జూడుండ్రి" అన్నాను. తమ్ముడు నవ్వాడు. "టీచరమ్మవు, కుక్కల డాక్టర్ ఎప్పుడైనవ్?" అన్నాడు. నేను నవ్వలేదు.

మేడ్చల్‌లో పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నదే, కానీ చెయ్యి నెమ్మదైన మనిషి. పుండు దగ్గర చర్మం కొంచెం గీకి పరీక్ష చేసింది. "గజ్జి పురుగులు కనబడ్తలేవు. గోకి గోకి పుండు పడ్డది, ముందు అది ఆరాలె" అని సూది వేసి, పూతమందు ఇచ్చింది. మళ్లీ మొదలైతే తప్పకుండా రమ్మంది. సూది పనిచేసింది. గోకుడు తగ్గింది, కుక్క కంటినిండా పడుకుంది. నేను ఇంట్లో పెద్ద తీస్‌మార్ ఖాన్‌లా తిరిగాను. మందు అయిపోయిన వారంలోపే మళ్లీ మొదలు. ఈసారి ఇంకా గట్టిగా.

"దవఖాన్ల జూపెట్టినవ్ గదా. ఇగ జాలు" అంది అమ్మ.

చాలదు. ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. ఒకటో తరగతి పిల్లలు కడుపునొప్పి అని ఏడిస్తే సగంసార్లు అది కడుపునొప్పి కాదు. ఒకడికి బూటు కరుస్తుంటుంది, ఒకతెకు పక్కపిల్ల రబ్బరు లాక్కుని ఉంటుంది. వాళ్లు చూపించే చోట నొప్పి ఉండదు. అడిగితే చెప్పలేరు. కూర్చుని చూడాలి. ఎప్పుడు ఏడుస్తున్నారు, ఎటు తిరిగి ఏడుస్తున్నారు, ఏం చేశాక ఏడుస్తున్నారు అని. ఈ పని నాకు బాగా వచ్చు. మా బడిలో నాకంటే బాగా ఎవరికీ రాదు కూడా.

ఒక ఆదివారం పని గిని అన్నీ పక్కన పెట్టి కుక్క ముందు పీట వేసుకుని కూర్చున్నాను. దానికీ విసుగొచ్చినట్టుంది, ఈమెకేమైంది అన్నట్టు చూసింది. పొద్దుటి నుంచి గోకింది ఎప్పుడూ కుడి చెంపే. ఒక్కసారి కూడా ఎడమ వైపు కాలు పోలేదు. గజ్జికి కుడీ ఎడమా తెలుసా? అన్నం పెడితే తల పక్కకు వంచి ఎడమ దవడతోనే నమిలింది. గట్టి జొన్నరొట్టె అంచు వేస్తే నోట్లోకి తీసుకుని, కెవ్వుమని వదిలేసింది. ఆ వెంటనే కుడి కాలెత్తి చెంప గోక్కుంది. నేను ఇంకో ముక్క వేశాను. మళ్లీ అదే. దగ్గరికి జరిగి మూతి వాసన చూస్తే ఎండబెట్టిన చేపలు మురిగిపోయినంత కంపు.

మేం పుండుకు మందు రాస్తున్నాం. నొప్పేమో నోట్లో ఉంది. అది చెంపను గోక్కోవడం లేదు, లోపలి నొప్పిని బయటినుంచి పట్టుకోవాలని చూస్తోంది. ఈ సంగతి తట్టగానే పీట మీంచి లేచి ఎగిరి గంతేశాను. నిజంగానే గంతేశాను, ఎదురింటి పెద్దమ్మ సాక్షి.

మర్నాడే మళ్లీ మేడ్చల్ పోయాం. చెప్పిందంతా డాక్టరమ్మ శ్రద్ధగా విని, "అయితే పన్ను జూడాలె" అని పెదవి ఎత్తబోయింది. కుక్క గుర్రుమని బల్ల మీద నుంచి దూకేసింది. అది మనిషి మీద గుర్రుమనడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె బలవంతం చేయలేదు. "మత్తియ్యాలె. ముసల్ది, గుండె కొంచెం కమ్జోర్‌గ ఉంది. రక్తపరీక్ష జేసి, అన్నీ జూస్కొని ఇద్దాం. లోపల ఏమున్నదో ముందే తెలిస్తే మత్తు తక్వతోని అయిపోతది. మీకు సూపిస్తదేమో నిమ్మళంగ జూడుండ్రి, ఫోటో దియ్యుండ్రి. కాని ఏమున్నా గుంజొద్దు" అంది.

వదిన వాళ్లు ఆ వారమే వస్తున్నారని అప్పటికే కబురొచ్చింది.

తెల్లవారి కట్ట మీదికి తీసుకెళ్లాను. నేనేమీ తెలివితక్కువదాన్ని కాదు, ఆలోచించే పోయాను. నాయిన తెప్ప దూరంగా కనబడితే చాలు, ముసలిదైనా సరే, అది కట్ట మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా ఉరుకుతుంది. ఉరికి వచ్చి నోరు బార్లా తెరిచి రొప్పుతుంది. పొద్దున పూట ఎండ ఏటవాలుగా నేరుగా నోట్లో పడుతుంది. అలా రొప్పుతుండగా దాన్ని సూర్యుడికి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఊగే పళ్లను చూసేటప్పుడు మా బడి పిల్లలతో మాట్లాడినట్టే నోటికొచ్చిన కబుర్లన్నీ చెబుతూ, బొటనవేలితో కుడివైపు పెదవిని కొద్దికొద్దిగా ఎత్తాను. అది గుర్రుమనలేదు. కళ్లు మూసుకుంది. ఒళ్లంతా వణుకుతున్నా నోరు మూయలేదు. ఆ నమ్మకానికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఏడిస్తే ఏమీ కనబడదని మింగేశాను.

వెనకాల పెద్ద దవడపన్ను చుట్టూ చిగురు వాచి, నల్లగా ఉబ్బింది. అందులో చీము. ఇంకేమీ లేదు. పుచ్చుపన్ను కాబోలు అనుకుని పెదవి వదలబోయాను. అప్పుడు ఎండలో సన్నగా ఒకటి మెరిసింది. చొంగ తీగేమో అని చున్నీ కొసతో తుడిచాను. పోలేదు. పన్ను చుట్టూ తిరిగి, చిగురులోకి దిగిపోయిన దారం. వెంట్రుకంత సన్నం, నీళ్ల రంగు. చిగురు అంచు దగ్గర ఒక ముడి. ఇంకో చేత్తో ఫోన్ తీసి ఫోటో తీశాను.

ఆ ముడిని వేరే ఎవరైనా గుర్తుపట్టి ఉండేవారు కాదు. నేను వలల మధ్య పుట్టినదాన్ని. వల కన్నుకూ కన్నుకూ మధ్య పడే ముడి అది. నా చిన్నప్పుడు నాయిన చిరుగులు కుడుతుంటే ఆ ముడులను లెక్కపెడుతూ నిద్రపోయిన పిల్లను. అది నైలాన్ వల ముక్క. మా వలే.

ఎలా పోయింది నోట్లోకి? అడగనవసరం లేకపోయింది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే నాయిన తెప్ప ఒడ్డుకు చేరింది. పద్ధతి ప్రకారం మొదటి చేపకు చెయ్యి పోయింది. చిక్కుపడ్డ జెల్ల. దాన్ని విడదీసే తీరిక లేక, చుట్టూ ఉన్న వల ముక్కతో సహా కత్తితో పరపరా కోసి, కుక్క ముందు పడేశాడు. ఏళ్లుగా కళ్ల ముందు జరుగుతున్నదే. కట్ట మీద అందరూ చేసేదే. మేం ఇచ్చిన మర్యాదే దాని దవడకు చుట్టుకుంది.

చేపను కాలితో పక్కకు నెట్టి, ఫోన్‌లో ఫోటో చూపించాను. ఆయన చేతులు తుడుచుకుని, ఫోన్‌ను దగ్గరికి, దూరానికి పెట్టి చాలాసేపు చూశాడు.

"మన వలనే" అన్నాడు చివరికి. వెంటనే కుక్క దగ్గర గొంతుకూర్చుని, "నేను వట్టి గుంజేస్త, ఒక్క నిమిషం" అని చెయ్యి చాపాడు.

"ముట్టకు నాయినా!" అని అరిచాను. కట్ట మీద అందరూ తిరిగి చూశారు. మా నాయిన మీద నేను గొంతెత్తడం అదే మొదటిసారి. "గుంజితె చిగురు చీరుకపోతది. డాక్టరమ్మ వద్దన్నది."

వలల విషయంలో మా నాయినకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన అంటే అమ్మ కూడా సరే అంటుంది. అలాంటి మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెప్పను, వలను, చేపలను అలాగే వదిలేసి కుక్కను రెండు చేతులతో ఎత్తుకుని, చేపల కోసం తమ్ముడు తెచ్చిన ఆటో దాకా నడిచాడు. తమ్ముడు నోరు తెరిచి చూస్తుంటే "ఏం జూస్తవ్? జల్దీ తియ్యి బండి" అన్నాడు.

రక్తం చూసి, గుండె చూసి, డాక్టరమ్మ కొద్దిగా మత్తు సూది వేసింది. చిగురు మీదుగా పెరిగిపోయిన దారాన్ని కొంచెం కొంచెంగా కత్తిరించి బయటికి తీసింది. పన్ను అప్పటికే కదిలిపోయి ఉంది, దాన్నీ పీకేసింది. చీము అంతా పోయింది. ట్రేలో పెట్టి చూపిస్తే ఏముంది, మూడు వల కన్నులు, మధ్యలో ముడులు. ఇంత ప్రాణిని ఇన్నాళ్లు ఏడిపించింది అంతే. "ఫోటో మంచిగ దీసిండ్రు. ఎక్కడ వెతకాలెనో ముందే తెలిసింది, మత్తు తక్వతోనే అయిపోయింది" అంది. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. స్టాఫ్ రూమ్‌లో చూపిస్తే టిఫిన్ తింటున్న లెక్కల టీచర్ డబ్బా మూసేసింది. నాకేం బాధ లేదు.

మత్తు దిగేదాకా నాయిన దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. మర్నాడు కట్ట మీద వలలవాళ్లందరి మధ్యా నిలబడి చెప్పాడు. "నా కుక్క నోట్ల నా వలనే వడ్డది. గజ్జి అనుకొని దాన్ని ఇడిసిపెడ్తమన్నం. ఇగ నుంచి చేపకు దారం ఉండంగ కుక్కకు ఎయ్యొద్దు. తీరిక లేకుంటె అసల్కే ఎయ్యొద్దు." ఒకరిద్దరు "కుక్కలకు దావత్ జేస్తున్నవా?" అని ఎగతాళి చేశారు. ఆయన చలించలేదు. అప్పటినుంచి జెల్లను చేత్తో విడిపించి, దారం పోగు లేకుండా చూసి వేస్తున్నాడు. రెండుసార్లు ముల్లు గుచ్చుకుంది కూడా. నేను కారణం కనిపెట్టడం గొప్పే, ఒప్పుకుంటాను. కానీ నలుగురిలో నిలబడి నా వలే అని చెప్పడం అంతకంటే గొప్ప. ఆ రోజు కట్ట మీద ఆయన కూతురినని చెప్పుకోవాలనిపించింది, అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలిసినా సరే.

అమ్మ మాత్రం ఏమీ తేల్చలేదు. దారం సంగతి విని "అయ్యో" అంది, గంజిలో అన్నం మెత్తగా పిసికి పెట్టింది. ఉంచుదామని అనలేదు, వద్దని అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏమంటుందో అని భయం.

వదిన వాళ్లు వచ్చారు. పుండు ఆరుతోంది కానీ వెంట్రుకలు ఇంకా రాలేదు, కుడి చెంప బోడిగా, గులాబీరంగు మచ్చలా కనిపిస్తోంది. చూడ్డానికి అందంగా లేదన్నది నిజం. కుక్క గడప పక్కన పడుకుని ఉంది. పాపను ఎత్తుకుని ముందు వస్తున్న వదినవాళ్ల అమ్మ దాన్ని చూసి అక్కడికక్కడే ఆగి మా అమ్మతో అంది.

"ఇదేంది వదినె, గీ గజ్జి కుక్కను గడపల వండవెట్టుకున్నరు? పసిబిడ్డ ఉండె ఇంట్ల?"

వియ్యపురాలి మాట. మా ఇళ్లల్లో ఆ మాటకు ఎదురు ఉండదు. తమ్ముడు వెంటనే కుక్కను పక్కకు లాగడానికి వంగాడు. నేను నోరు తెరిచాను, ఫోన్ కూడా తీశాను.

నాకంటే ముందు అమ్మ మాట్లాడింది. హారతి పళ్లెం చేతిలో పట్టుకునే, గొంతు పెంచకుండా అంది.

"గజ్జి గాదు వదినె. మేము ఏసిన చేపతోని మా వల దాని నోట్ల చిక్కింది. నొప్పైతాందని అది మొఖం గోకి గోకి మాకు సూపెట్టింది, మాకే సమజ్ గాలె. నా బిడ్డ జూసింది. అది ఈడనే ఉంటది. మీరు లోపలికి రాండ్రి."

తమ్ముడు కుక్కను వదిలేశాడు. అది లేవలేదు. వదినవాళ్ల అమ్మ పాపను గుండెకు హత్తుకుని, దాని పక్కనుంచి అడుగేసి గడప దాటింది. "నా బిడ్డ జూసింది" అని మా అమ్మ నా గురించి పదిమందిలో అనడం నేను విన్నది అప్పుడే. పెళ్లి మాట ఎత్తకుండా నా గురించి మాట్లాడడం కూడా.